పెట్టుబడి చీరల గంగరాజు

రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్లో, జగన్నాథరావు గారి కొట్టుకి వెళ్ళి గంగరాజు ఉన్నాడా అని ఎవరూ అడగనక్కర్లేదు. గడప దాటుతుండగానే "రండమ్మా, రండి రండి! పెళ్ళికాండి, గృహప్రవేశానికాండి? ఎన్ని చీరలు కావాలండి?" అన్న గొంతు వినబడితే ఉన్నట్టు. వినబడకపోతే టీకి వెళ్ళినట్టు. ఆ కొట్లో ఎడమవైపు పరుపు ఇరవై నాలుగేళ్ళుగా అతనిది. ఆ పరుపు మీద పట్టుచీరలు పరచరు. అక్కడ అమ్మేవన్నీ పెట్టుబడి చీరలు.

పెట్టుబడి చీర అంటే తెలియని ఇల్లు గోదావరికి ఇటూ లేదు, అటూ లేదు. ఇంట్లో శుభకార్యం జరిగినప్పుడు వచ్చిన ఆడబంధువులకి బొట్టు పెట్టి, చేతిలో పెట్టే చీర అది. పుచ్చుకున్నావిడ "ఇవన్నీ ఎందుకండీ" అంటుంది, అంటూనే కంటిచూపుతో దాని ఖరీదు కట్టేస్తుంది. ఇంటికెళ్ళి బీరువాలో పెడుతుంది. కట్టుకుంటుందా అంటే, ఛస్తే కట్టుకోదు. మళ్ళీ తన ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ చీర బయటికొచ్చి ఇంకొకరి బీరువాకి బయల్దేరుతుంది. తణుకులో మొదలైన చీర నిడదవోలు వెళ్ళి, అక్కణ్ణుంచి అమలాపురం వెళ్ళి, పిఠాపురంలో ఎవరింట్లోనో నాలుగేళ్ళు పడుకుని, మడత విప్పకుండానే ముసలిదైపోతుంది. ఇలా అందరూ చేస్తారు. అందరూ చేస్తారని అందరికీ తెలుసు. నేనూ చేశానని ఒప్పుకున్న ఆడది మాత్రం ఇంతవరకూ పుట్టలేదు. ఇందులో తప్పల్లా ఒక్కటే, ఎవరు పెట్టిన చీర తిరిగి వాళ్ళకే పెట్టడం. ఆ పొరపాటు జరిగిన ఇళ్ళ మధ్య పదేళ్ళ పాటు పలకరింపులు బంద్.

గంగరాజు గొప్పతనం అక్కడే ఉంది. తన చేతుల మీదుగా వెళ్ళిన చీర ఏ ఇంటికి, ఏ కార్యానికి వెళ్ళిందో అతను మరిచిపోడు. మండపేట దగ్గర పల్లెటూళ్ళో చదువుకునే రోజుల్లో లెక్కల మాస్టారు "నీకు పన్నెండో ఎక్కం ఈ జన్మకి గుర్తుండదురా" అని తొమ్మిదో తరగతిలో ఇంటికి పంపేశారు. నిజమే, ఇప్పటికీ రాదు. కానీ "ఈ ఆకుపచ్చ వద్దండి, కిందటేడు మీ తోటికోడలు గారు సీమంతంలో మీకు పెట్టింది ఇదే రకం" అని చెప్పగలడు. అలా చెప్పి ఎన్ని కాపురాలు నిలబెట్టాడో లెక్క లేదు. అందుకే కొందరు ఆడవాళ్ళు ముహూర్తం పెట్టించుకోగానే పురోహితుడి తర్వాత గంగరాజుకే ఫోన్ చేసేవారు.

చేసేవారు. ఆ మాట అనవలసి వస్తున్నందుకు ఒళ్ళు మండుతుంది. రొయ్య ధర పడిపోయింది. అమెరికా వాడు సుంకం పెంచాడన్నారు, కొనుగోలుదారులు వెనక్కి తగ్గారన్నారు. భీమవరం, ఆకివీడు వైపు రైతులు చెరువులు ఎండగట్టేశారు. రొయ్యల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు తగ్గాయి. రొయ్యకీ చీరకీ సంబంధం ఏంటని గంగరాజు మొదట్లో నవ్వాడు. సంబంధం నెలలోపే కొట్టు మెట్లెక్కి వచ్చింది. వంద చీరలు కొనే వాళ్ళు నలభై అన్నారు. నలభై వాళ్ళు రవిక ముక్కలతో సరిపెట్టారు. ఆ తర్వాత శుభలేఖల మీద "పెట్టుపోతలు లేవు" అని అచ్చేయించడం మొదలైంది. జగన్నాథరావు గారు ఏడుగురు గుమస్తాల్ని నలుగురు చేశారు. మనిషి చెడ్డవాడు కాదు. మానిపించిన ప్రతివాడికీ ఎదురుగా కూర్చుని చెప్పారు, చెప్పిన ప్రతిసారీ ఆ పూట భోజనం మానేశారు.

శ్రావణమాసం మొదటి శుక్రవారం నాడు గంగరాజుని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"శ్రావణం దాటాక నీ పరుపు తీసేస్తున్నాను గంగరాజూ. వెయ్యి చీరలున్నాయి గోడౌన్లో. కదలట్లేదు. నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావు?"

గంగరాజు వయసు యాభై రెండేళ్ళు. ఇంకో పని రాదు. మార్కెట్లో మిగతా కొట్లన్నీ ఉన్న మనుషుల్నే తీసేస్తున్నాయి. "ఆయ్, చూద్దామండి" అని లేచి తన పరుపు దగ్గరికొచ్చి, మడత సరిగ్గానే ఉన్న చీరల్ని విప్పి మళ్ళీ మడతలు పెట్టడం మొదలెట్టాడు. అతని పక్కన చీరలు అందించే చిట్టెమ్మకి సంగతి అర్థమైంది. ఆమె మొగుడు రొయ్యల ఫ్యాక్టరీలో పని. ఇప్పుడు వారానికి మూడు రోజులే రమ్మంటున్నారు. పరుపు పోతే ఇద్దరి జీతాలూ పోతాయి. "భోంచేశారా బాబాయ్‌గారూ?" అని మాత్రం అడిగింది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే కొవ్వూరు నుంచి పాపాయమ్మ గారు వచ్చారు. అరవై దాటిన మనిషి. గంగరాజు పరుపు మీద ఆవిడ కొన్న చీరలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే మేడ ఎత్తు అవుతాయి. మనవరాలు హేమశ్రీకి ఓణీల ఫంక్షన్, శ్రావణం ఆఖరి వారంలో ముహూర్తం. గంగరాజు ప్రాణం లేచొచ్చింది. చిట్టెమ్మ అప్పుడే ర్యాకు మీద చెయ్యేసింది.

"తియ్యకండి, కొనడానికి రాలేదు" అన్నారు పాపాయమ్మ గారు. చుట్టూ చూసి, గొంతు తగ్గించారు. "మా పెద్దాడు చెరువులు ఎండగట్టేశాడు గంగరాజూ. నీ దగ్గర దాచడం దేనికి? నలభై మందికి చీరలు పెట్టాలి. బీరువాలో పెట్టుబడి చీరలు బోలెడున్నాయి. వాటితో కానిచ్చేద్దామంటే ఏది ఎవరు పెట్టిందో ఒక్కటీ గుర్తులేదు. మా ఆడపడుచు సంపూర్ణమ్మ గారి సంగతి నీకు తెలుసు కదా. ఆవిడ చీర ఆవిడకే పెట్టానంటే ఫంక్షన్ హాల్లోనే నా పరువు తీసేస్తారు. ఓసారి ఇంటికొచ్చి చూసిపెట్టవయ్యా."

చీరలమ్మే మనిషిని పిలిచి, చీరలు కొనకుండా గట్టెక్కే దారి చూపించమంటున్నారు! గంగరాజు ఒక్క క్షణం ఆలోచించాడు. ఎలాగూ పోయే ఉద్యోగం అనుకున్నాడు. సెలవు రోజున బస్సెక్కి వంతెన దాటాడు.

పాపాయమ్మ గారు బీరువా తలుపులు తెరిచి, చీరలన్నీ హాల్లో చాప మీద పోశారు. నలభై ఒకటి. గంగరాజు వాటి ముందు కూర్చుని మొదటి చీర చేతిలోకి తీసుకున్నాడు. అంచు చూశాడు, వేళ్ళ మధ్య నలిపి చూశాడు. అంతే, పూనకం వచ్చినట్టే అయింది.

"ఇది మీ చెల్లెలు గారు పెట్టిందండి. వాళ్ళ అబ్బాయి గృహప్రవేశానికి పన్నెండు తీశారు, పన్నెండూ వంగపండు రంగే. ఇది సంపూర్ణమ్మ గారిదండి, మనవడి పంచెల ఫంక్షన్‌ది, దూరంగా పెట్టండి. ఇది మా కొట్టుది కాదు... రావులపాలెంలో కొన్నది... మీ పెద్దకోడలి పుట్టింటి వారి తాలూకు అయ్యుంటుందండి."

"ఓరి నీ జ్ఞాపకం తగలెయ్యా!" పాపాయమ్మ గారు నోరు నొక్కుకున్నారు. "మా పెద్దకోడలి పుట్టిల్లు రావులపాలెమే!"

రెండు గంటల్లో చాప మీద ఆరు వరసలు తయారయ్యాయి. ఎవరికి ఏది పెట్టొచ్చు, ఎవరికి ఏది పొరపాటున కూడా చూపించకూడదు, అన్నీ తేలిపోయాయి. గంగరాజు చేతుల్లో మూణ్ణెల్లుగా లేని హుషారు వచ్చింది. ఇంట్లో కూరగాయల సంచీ ఎక్కడ పెట్టాడో మరిచిపోయి పెళ్ళాం చేత తిట్లు తినే మనిషి, నలభై ఒక్క చీరల జాతకం చెప్పేశాడు. చివరికి తేలిందేంటంటే, ఆడపడుచు వైపు వాళ్ళకి పెట్టడానికి పనికొచ్చేవి తొమ్మిది తక్కువ.

పాపాయమ్మ గారు ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఒక్కొక్కరికీ చెప్పారు. వారం తిరక్కుండా గంగరాజు ఫోన్ తీరిక లేకుండా మోగింది. పొద్దున్నే కొట్టు తెరవకముందు ఒక ఇల్లు, భోజనాల వేళ మరో ఇల్లు. అందరికీ అదే ఇబ్బంది. బీరువా నిండా చీరలు, కానీ ఉన్నవి పనికిరావు, పనికొచ్చేవి వేరే వాళ్ళ బీరువాలో ఉన్నాయి. ధవళేశ్వరంలో ఒకావిడ దగ్గర అక్కర్లేని తొమ్మిది చీరలు చూసినప్పుడు గంగరాజుకి తల తిరిగినంత పనైంది. పాపాయమ్మ గారికి కావలసినవి సరిగ్గా అలాంటివే!

పరుగున కొట్టుకొచ్చేసరికి జగన్నాథరావు గారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"నా దగ్గర జీతం తీసుకుంటూ, ఇంటింటికీ వెళ్ళి చీరలు కొనొద్దని చెప్తున్నావటగా?"

దొరికిపోయాడు. ఇంకోరోజైతే తప్పయిపోయిందనేవాడు. ఆ రోజు మాత్రం గంగరాజుకి భయపడే తీరిక కూడా లేదు.

"కొనొద్దని నేను చెప్పడం ఏంటండి, వాళ్ళు ఎప్పుడో మానేశారు కదండి! మనం వాళ్ళ కోసం ఎదురుచూస్తూ ఈగలు తోలుకుంటున్నాం. అదేదో మన కొట్లోనే పెడదామండి. అక్కర్లేనివి తెచ్చుకోమందాం, కావలసినవి ఒకరితో ఒకరు మార్చుకుంటారు. మడత నలిగితే మనం వేసిస్తాం, కొత్త కవరు తొడిగిస్తాం, కావాలంటే పాలిష్ పట్టిస్తాం. చీరకింత అని తీసుకుందాం. మనుషులంటూ గడప తొక్కితే కదండీ బేరం!"

"మనం చీరలమ్మేవాళ్ళమా, చీరలు మార్చేవాళ్ళమా?"

"ఈ మూణ్ణెల్లూ రెండూ కాదు కదండీ!"

మాట నోరు జారాక గంగరాజు నాలిక్కరుచుకున్నాడు. జగన్నాథరావు గారు గల్లాపెట్టె వెనక్కి వెళ్ళి కూర్చున్నారు.

"ఒక్క ఆదివారం ఇస్తున్నాను. రెండో శుక్రవారం వ్రతాలైపోయాక వచ్చే ఆదివారం. జరిగితే సరే. నవ్వులపాలైతే మాత్రం సోమవారం నుంచి రానక్కర్లేదు. శ్రావణం ఆఖరిదాకా కూడా ఆగను."

ఆ ఆదివారం పొద్దున్న గంగరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆరున్నరకే వచ్చేశాడు. రాత్రంతా నిద్ర లేదు, అయినా ఒంట్లో ఎక్కడా అలసట లేదు. ఫోన్లో డెబ్బై మంది వస్తామన్నారు. చిట్టెమ్మ కవర్లు సర్దింది. పరుపుకి ఉతికిన దుప్పటి వేసింది. ఎనిమిదైంది, తొమ్మిదైంది. పాపాయమ్మ గారు తప్ప ఎవరూ రాలేదు. ఆవిడ కూడా సంచీ ఒళ్ళో పెట్టుకుని, పైట కప్పేసి మూల కూర్చున్నారు.

గంగరాజు గుమ్మంలోకి వచ్చి చూశాడు. ఆడవాళ్ళు రాకేం, వచ్చారు! ఆటోలు దిగుతున్నారు. సంచీలు పట్టుకుని ఎదురుగా టీ బడ్డీ దగ్గర ఒకరు, చెప్పుల కొట్టు దగ్గర ఇద్దరు, ఏటీఎం నీడలో నలుగురు, లోపల ఎవరున్నారోనని మెడలు చాచి చూస్తున్నారు. తెలిసిన మొహం కనబడగానే సంచీ వెనక్కి పెట్టుకుని "ఊరికే, ఇటు పనుండి వచ్చాను" అనుకుంటున్నారు. తణుకు నుంచి వచ్చిన సంపూర్ణమ్మ గారైతే లోపల పాపాయమ్మ గారిని చూసి, గిరుక్కున తిరిగి టీ బడ్డీ చాటుకి వెళ్ళిపోయారు.

అప్పుడు వెలిగింది గంగరాజుకి. అన్నీ ఆలోచించాడు, అసలుదొక్కటీ ఆలోచించలేదు. పెట్టినావిడ ఎదురుగా ఆవిడ చీర బయటికి ఎవరు తీస్తారు? ఇన్నేళ్ళూ ఈ గుట్టు కాపాడి బతికినవాడే తను, ఇప్పుడు బజార్లో విప్పమంటే ఎవరు విప్పుతారు? గల్లాపెట్టె దగ్గర జగన్నాథరావు గారు గోడ గడియారం చూశారు.

గంగరాజు పరుపు కిందనుంచి ఒక సంచీ లాగాడు. అది వాళ్ళావిడ బీరువాలోది. వీలైతే సాయంత్రం ఎవరూ చూడకుండా తానూ నాలుగు మార్చుకుందామని తెచ్చాడు. అందులోంచి రెండు చీరలు తీసి భుజాల మీద వేసుకుని, నడిరోడ్డు మీదికి వచ్చి గొంతెత్తాడు.

"అమ్మా! చూడండమ్మా! ఇది మా బావమరిది భార్య పెట్టిందండి! అయిదేళ్ళయింది, మా ఆవిడ ఒక్కనాడు కట్టలేదండి! ఇది మా మేనత్త గారు పెట్టింది. రంగు చూసి మా ఆవిడ వారం రోజులు నన్ను తిట్టిందండి! నాకే సిగ్గులేదు, మీకెందుకమ్మా సిగ్గు? లోపలికి రండి!"

బజారంతా ఘొల్లుమంది. టీ బడ్డీ చాటు నుంచి కూడా నవ్వు వినబడింది. సంపూర్ణమ్మ గారు నవ్వాపుకోలేక, పైట నోటికి అడ్డం పెట్టుకుని, రోడ్డు దాటి సరాసరి లోపలికి వచ్చేశారు. వచ్చి పాపాయమ్మ గారి ఎదురుగా కూర్చున్నారు. గుమ్మం దగ్గర ఆడవాళ్ళంతా గుంపు కట్టారు. సంపూర్ణమ్మ గారు తన సంచీలోంచి పైచీర తీసి పరుపు మీద పెట్టారు.

"ఇది... నేను పెట్టింది కదండీ వదినగారూ?" అన్నారు పాపాయమ్మ గారు.

"అవును, నువ్వు పెట్టిందే. కట్టలేదు. ఇప్పుడు నీ సంచీ తియ్యి."

పాపాయమ్మ గారు పైట తప్పించారు. అన్నిటికంటే పైన ఉంది సంపూర్ణమ్మ గారు పెట్టిన చీర. వదినామరదళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. సంపూర్ణమ్మ గారు నవ్వి నవ్వి పరుపు మీద వాలిపోయారు. "ముప్ఫై ఏళ్ళ నుంచి నీకు భయపడి ఛస్తున్నానే పాపాయీ!" అన్నారు. "నేనెవరికి భయపడుతున్నాననుకున్నారూ!" అన్నారు పాపాయమ్మ గారు కళ్ళు తుడుచుకుంటూ.

ఇక ఆగలేదు. ఏటీఎం నీడ ఖాళీ అయింది, చెప్పుల కొట్టు ఖాళీ అయింది. మెట్ల కింద చెప్పులు గుట్ట పడ్డాయి. "ఇది మా వియ్యపురాలు పెట్టింది, ఎవరికైనా కావాలా?" అని ఒకావిడ అరిస్తే, "మీ వియ్యపురాల్ని నేనేనండి, ఇలా ఇవ్వండి, మా మరదలికి పెట్టుకుంటాను" అని ఇంకొకావిడ అందుకుంది. గంగరాజు పరుపు మధ్యలో మోకాళ్ళ మీద లేచి "ఇది అటు వెళ్ళకూడదండి! అది ఇటు రావాలండి!" అని చేతులు తిప్పుతూ గొంతు పోగొట్టుకున్నాడు. ధవళేశ్వరం ఆవిడ తొమ్మిది చీరలూ పాపాయమ్మ గారి ఒళ్ళోకి వచ్చాయి. చిట్టెమ్మ మడతలు వేసి వేసి, చెయ్యి నొప్పి పుట్టి, మొగుడికి ఫోన్ చేసి పిలిపించింది. అతను వచ్చి కవర్లు తొడగడానికి కూర్చున్నాడు. ఇంత సందడి ఆ కొట్లో చూసి చాలా కాలమైంది. గంగరాజుకి ఉద్యోగం గురించిన ఆలోచనే రాలేదు. ఆనందంగా ఉంది, అంతే.

సాయంత్రం ఆరింటికి జనం పలచబడ్డాక జగన్నాథరావు గారు పిలిచారు.

"మడతలకీ, కవర్లకీ వచ్చింది కరెంటుకీ టీలకీ సరిపోతుంది గంగరాజూ. బాగుంది, కాదనను. కానీ పొద్దుట్నుంచీ నూరు మందికి పైగా వచ్చారు, ఒక్కటంటే ఒక్క కొత్త చీర అమ్ముడుపోలేదు. ఇలా అయితే నీకు జీతం ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?"

నిజమే. పొద్దుటి హుషారంతా ఒక్కసారిగా దిగిపోయి, కాళ్ళు అప్పుడు నొప్పి పుట్టాయి. గంగరాజు మెల్లగా పరుపు దగ్గరికి వెళ్ళాడు. పాపాయమ్మ గారు ఇంకా కదల్లేదు. నడుమున దోపుకున్న చిన్న పర్సు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

"తొమ్మిది తక్కువయ్యాయి కదా, వాటి కోసమని ఈ డబ్బు దాచాను. ఇప్పుడు అవసరం లేకపోయింది" అన్నారు. "ఒక చీర చూపించు గంగరాజూ."

"ఎవరికి పెట్టడానికండి?"

"ఎవరికీ పెట్టడానికి కాదయ్యా. నాకే. మనవరాలి ఫంక్షన్‌కి కట్టుకుంటాను."

"నాకూ ఒకటి తియ్యవయ్యా" అన్నారు పక్కనుంచి సంపూర్ణమ్మ గారు. "దీని పక్కన పాత చీరతో నిలబడమంటావా?" గుమ్మం దాకా వెళ్ళిన ఇద్దరు ముగ్గురు ఆ మాట విని ఆగారు. ఒకావిడ చెప్పులు విడిచి మళ్ళీ మెట్లెక్కింది.

జగన్నాథరావు గారు గల్లాపెట్టె ముందు నుంచి లేచారు. "చిట్టెమ్మా, గోడౌన్ తాళాలు పట్టుకెళ్ళు. కాస్త మంచివి చూసి దింపు" అన్నారు. గంగరాజు పక్కనుంచి వెళ్తూ, అతని మొహం చూడకుండా, "రేపు కొంచెం పెందలాడే రా" అన్నారు.

గంగరాజు గబగబా ర్యాకు వైపు చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పాపాయమ్మ గారి చెల్లెలికి ఏ రంగు నప్పుతుందో తెలుసు. కోడళ్ళకి ఏది నచ్చుతుందో తెలుసు. ఆడపడుచుకి ఏ అంచు పెడితే అలుగుతుందో కూడా తెలుసు. ఈవిడకి ఏది ఇష్టమో ఇరవై నాలుగేళ్ళలో తను ఒక్కసారి కూడా తెలుసుకోలేదు. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఏ రంగు చూపించమంటారండి?" అన్నాడు.

పాపాయమ్మ గారు ర్యాకుల వంక ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశారు. చిన్నపిల్లలా నవ్వు వచ్చింది ఆవిడకి.

"ఏమో గంగరాజూ, ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అన్నీ తియ్యి, చూద్దాం."